నాయన వేయించిన మార్కులు

ఏసుమణి ఆరేళ్లుగా పీహెచ్‌డీ చేస్తోందంటే సొంతూరు బేతంచెర్లలో ఎవరికీ ఆశ్చర్యం లేదు. పెద్ద చదువు తొందరగా ఎలా అయిపోతుందని వాళ్ల ధీమా. కడపలో ఆమె పాఠాలు చెప్పే ప్రైవేటు కాలేజీవాళ్లకు ఆ ధీమా లేదు. 2008 జూన్‌కల్లా థీసిస్ ఇచ్చేస్తే ఉద్యోగం ఉంటుంది, లేదంటే వేరే దారి చూసుకొమ్మని మొహం మీదే చెప్పేశారు. థీసిస్‌కు యూనివర్సిటీ ఇచ్చిన గడువూ ఏప్రిల్ నెలాఖరుతో తీరిపోతుంది.

కంప్యూటర్లూ సెల్‌ఫోన్లూ వచ్చాక నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీల వ్యాపారం పెరిగిందా లేదా అన్నది ఆమె తేల్చాలి. బేతంచెర్ల బస్టాండులో ఎవరిని అడిగినా ఒక్క మాటలో తేల్చేస్తారు. ఒక్క మాటకు డాక్టరేట్ ఇవ్వరు కదా. అందుకని అరవై రెండు ఫ్యాక్టరీల సావుకార్ల చేత ఇరవై ప్రశ్నల కాగితం నింపించాలి. ప్రతి ప్రశ్న కింద ఒకటి నుంచి ఐదు దాకా అంకెలుంటాయి. అసలు ఒప్పుకోకపోతే ఒకటికి, పూర్తిగా ఒప్పుకుంటే ఐదుకి సున్నా చుట్టాలి.

కాలేజీ సెలవివ్వలేదు. తండ్రి శాంతయ్యది ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ ఫ్యాక్టరీల్లోనే రాయి కోసే పని. “నాకు తెలీని సావుకార్లు యాడుండారు పాపా, నేను తిప్పుకొస్తాలే” అని కాగితాలు సంచిలో పెట్టుకున్నాడు. వారం రోజులు పని మానుకుని తిరిగి, ఒక్కటీ తగ్గకుండా తెచ్చిచ్చాడు. ఆ సంతోషంలో ఏసుమణి వాటిని విప్పి చూడలేదు. పరీక్ష పేపర్లు దిద్దడం అయ్యాక చూద్దాంలే అనుకుంది. ఇది మాత్రం ఆమె తప్పే.

ఏప్రిల్ పద్దెనిమిదిన గైడు రాఘవేంద్రప్రసాద్ గదిలో కూర్చుని ఆ జవాబులను కంప్యూటర్‌లోకి ఎక్కించింది. అన్ని కాగితాల్లోనూ, అన్ని ప్రశ్నలకూ ఐదే. ‘మా ఫ్యాక్టరీలో కంప్యూటర్ అసలు వాడం’ అన్నదానికీ ఐదే.

“అందరూ ఒకటే చెప్పినాక ఇందులో తేల్చేదేముందమ్మా? నువ్వే కూర్చొని నింపినావంటారు” అన్నాడాయన. కోప్పడినా బాగుండేది. చాలా మెల్లగా అన్నాడు.

మర్నాడే బస్సు మీద బస్సు మారి బేతంచెర్లకు వచ్చి, నేరుగా తిరుమలయ్య ఫ్యాక్టరీకి పోయింది. కరెంటు లేదు. సావుకారు గుమ్మంలో కుర్చీ వేసుకుని విసురుకుంటున్నాడు.

“మీ నాయన వచ్చి, మా పాపకు మార్కులేయాల, మీ చేతుల్లోనే ఉండాది అన్న్యాడు. ఇన్నేండ్లలో ఒక్కటడిగిన మనిషి కాదు. ఆయప్ప మొగం జూసి తక్కువెట్ల వేస్తామమ్మా? అందరం చెప్పుకొని ఐదుకు ఐదు వేసినాం.”

“అవి నాకు మార్కులు కాదు సార్. మీ వ్యాపారం ఎట్లుండాదని అడిగినా. ఉన్నదున్నట్టు ఇంకోసారి రాసియ్యండి.”

తిరుమలయ్య కొత్త కాగితం తీసుకుని ప్రశ్నలన్నీ చదివాడు. “ఉన్నదున్నట్టు రాస్తే శానా వాటికి ఒకటే వేయాల తల్లీ. కంప్యూటర్ కొని మూడేండ్లాయ, కుంకం బెట్టి గుడ్డ కప్పినాం. టైల్స్ వచ్చినంక మా రాయిని అడిగే నాథుడు లేడు. అదంతా రాసి శాంతయ్య కూతురికి ఒక మార్కేసి పంపమంటావా? నా చేత కాదు.”

ఎంత చెప్పినా వినలేదు. ఇంకో నాలుగు ఫ్యాక్టరీలు తిరిగింది. రెండింటికి తాళాలు, రెండింట్లో ఇదే జవాబు. అందరూ కూడబలుక్కున్నవాళ్లే, ఎక్కడికి పోయినా ఇంతే. తిట్టి పంపితే బతిమాలుకునేది. ఇంత మంచిగా కాదనేవాళ్లను ఏం చేయాలో తెలియక రోడ్డు మీదే నిలబడి ఏడ్చింది.

ఇంటికెళ్లేసరికి శాంతయ్య కుళాయి కింద చేతులకంటిన తెల్లటి పొడి కడుక్కుంటున్నాడు. “ఏం పాపా, అయినట్టేనా?” అన్నాడు. చెప్పేద్దామనే వచ్చింది. చెబితే, చెడగొట్టింది తానేనని తెలిసి ఆ మనిషి మళ్లీ తలెత్తడు.

“అయింది నాయనా” అంది.

థీసిస్ ఇవ్వకుండానే గడువు తీరిపోయింది. మే మొదటి ఆదివారం శాంతయ్య చర్చిలో కృతజ్ఞత కానుక వేశాడు. మన సంఘంలో మొట్టమొదటి డాక్టరమ్మ అని పాస్టర్ లాజరు పేరు పెట్టి పిలవగానే అందరూ లేచి చప్పట్లు కొట్టారు. ఏసుమణీ లేచి చేతులు జోడించింది. ముందు వరసలో తండ్రి కండువాతో కళ్లు తుడుచుకుంటున్నాడు. ఇక బతికినన్నాళ్లూ ఆయనకు నిజం చెప్పే వీలు లేదని ఆమెకు అర్థమైంది.