కొంగు చప్పుడు

కలకత్తా ఖిదిర్‌పూర్‌లో అద్దె గదిలో ఒక్కతే ఉండే సువర్ణకు ఆదివారమంటే టెక్కలి నుంచి తను అప్ప అని పిలిచే అక్క రాహేలు చేసే ఫోనే. కబుర్లయ్యాక అప్ప ప్రార్థన చేస్తుంది. దాన్ని వారమంతా వినొచ్చని సువర్ణ ఓ రికార్డరు కొనుక్కుంది. దాని తీగ చివరనున్న బుల్లి మైకును చెవిలో పెట్టుకుని, పైన రిసీవరు ఆనించుకోవాలి.

కబుర్లు చక్కగానే రికార్డయ్యేవి. ప్రార్థన దగ్గరికొచ్చేసరికి ఒకటే బరబర! బ్యాటరీ మార్చింది, తీగ మార్చింది. దుకాణానికి పట్టుకెళ్తే అతను పరీక్షించి, “షొబ్ ఠిక్ ఆఛే, దీదీ” అని, అంతా బాగానే ఉందని తిరిగి చేతిలో పెట్టాడు. సైతాను దూరిందని దాన్ని తిట్టిపోసింది.

ఓ సాయంత్రం ఆ బరబర వింటూ, ప్రార్థన కదా అని అలవాటుగా తలమీదికి కొంగు లాక్కుంది. చెవి దగ్గర అదే చప్పుడు. ఇన్నాళ్లూ మైకుకు రాసుకున్నది తన ముసుగే!

తరవాతి ఆదివారం కొంగు నడుముకు దోపేసింది. ముసుగు లేకుండా ప్రార్థనలో ఉంటే దేవుడి ముందు తప్పు చేస్తున్నట్టే అనిపించింది. ఆ బెరుకులో ఆమెన్ అనడం మరిచిపోయింది. అది వినబడక అప్ప, “ఏటే, ఉన్నావా?” అంది.

ఇప్పుడు రోజూ సాయంత్రం కొంగు కప్పుకుని ఆ ప్రార్థన వింటుంది. ప్రతి మాటా స్పష్టంగా ఉంటుంది. చివర్లో అప్ప అడుగుతుంది, “ఏటే, ఉన్నావా?”

రికార్డులోని తన జవాబు రాకముందే సువర్ణ మీట నొక్కి ఆపేస్తుంది. ఆపేసి, తన నోటితోనే చెబుతుంది.

“ఉన్నానప్పా.”