భాభీ ఫోనులో పావురాలు

ఆళ్లగడ్డ దర్జీ భాయ్‌కి ఒక అలవాటుండేది. పావురాలు పెంచేవాళ్లం నడుపుకునే సైటులో ఎవరేం రాసినా, వెంటనే దాన్ని భార్య ఫోనుకు పంపి "దాచిపెట్టు" అనేవాడు. నా పావురం మహానంది గోపురం చుట్టూ తిరిగి ముక్కున ప్రసాదం తెచ్చిందని నేను రాసిన వైనం కూడా అలాగే పంపాడు.

ఒకరోజు ఆ సైటు మూతపడింది. చనిపోయిన ప్యాపిలి పెద్దాయన అందులో చెప్పిన పావురాల మందులు ఇంకెక్కడా లేవు. నంద్యాల నుంచి ఏడుపు మొహంతో భాయ్ దగ్గరికి పోయాను. ఆయన కత్తెర పక్కన పెట్టి లోపలికి కేకేశాడు.

"పావురాలుండాయా, తుడిచేసినావా?"

"తుడిచేది నాకేం తెలుసు?" అంటూ భాభీ ఫోను తెచ్చి నా చేతిలో పెట్టింది. "మీ పావురాలు దీంట్లో గూడు కట్టినాయన్నా. మనవరాలి ఫోటో తీద్దామంటే జాగా లేదంటాంది."

అన్నీ ఉన్నాయి. పెద్దాయన మందులు, నా ప్రసాదం కూడా. నాకు ప్రాణం లేచొచ్చింది. అందరం కలిసి కొత్త సైటు పెట్టి, అవన్నీ అందులోకి ఎక్కించి, ఫోను ఖాళీ చేసి ఇచ్చాం.

భాభీ మురిసిపోతూ మనవరాలికి ఫోటో తీయబోయింది. ఫోను టింగుమంది. కొత్త సైటులో ఎవరో అప్పుడే ఏదో రాస్తే, భాయ్ పంపేశాడు.

"దాచిపెట్టు" అన్నాడు భాయ్, మిషను మీది నుంచి తలెత్తకుండానే.