నా సన్మానపు ఫ్లెక్సీ

శాలువా కప్పించుకోవాలంటే మనిషి ముందు పనికిరాకుండా పోవాలి. ఈ సంగతి పంజాగుట్టలో ఒక హోటల్ హాల్లో, స్టేజీ మీద వెల్వెట్ కుర్చీలో కూర్చున్నాక నాకు బోధపడింది. బతుకంతా ఒకే కంపెనీ లారీలు తోలాను. అన్నేళ్లూ నన్ను పట్టించుకోని ఓనరుగారికి, చూపు మందగించి నేను స్టీరింగ్ వదలగానే ఎక్కడలేని గౌరవం పుట్టుకొచ్చింది.

నా వెనక గోడ నిండా ఫ్లెక్సీ. లైసెన్సు ఫొటోను గుమ్మడికాయంత సాగదీసి దాని మీద వేశారు. పక్కన ముక్కు పొడుగు అమెరికా ట్రక్కు బొమ్మ. అలాంటి బండి నేను సినిమాల్లో తప్ప చూడలేదు. లారీల మీద బతికే కంపెనీకి తన లారీ ఫొటో ఒక్కటీ దొరకలేదు మరి. అసలు లారీకే పూలదండ వేసి హోటల్ ముందు నిలబెట్టాలనుకున్నారట. పగటిపూట అమీర్‌పేట, పంజాగుట్ట వైపు లారీలను రానివ్వరన్న సంగతి ఆ పొద్దుటి దాకా ఎవరికీ తట్టలేదు. పేరుకు ట్రాన్స్‌పోర్టు కంపెనీ!

హాల్లో డ్రైవరు ఒక్కడూ లేడు. అందరినీ లోడ్ల మీద పంపేశారు. ముందు వరసల్లో అమీర్‌పేట ఆఫీసు కుర్రకారు కూర్చుంది. వాళ్లకు లారీ అంటే కంప్యూటర్లో కదిలే చుక్క. చుక్క ఆగితే చాలు, ఫోను. "అన్నా, ఎందుకు ఆగినవ్?" చుక్కకు కూడా ఆకలి ఉంటుందని, ఒంటేలు వస్తుందని వాళ్లకు ఏ కోచింగ్ సెంటర్లోనూ చెప్పలేదు కాబోలు.

"ఆయన మా కుటుంబంలో మనిషండీ" అన్నారు ఓనరుగారు మైకులో. కుటుంబమట! ఆయన ఇంటి దగ్గర నేను మంచినీళ్లు తాగింది ఎప్పుడూ గేటు బయట నిలబడే. నాకు నవ్వొచ్చింది. ఫొటోలో ఆ నవ్వు వినయంగా పడింది.

నేను వెళ్లింది శాలువా కోసం కాదు, ఒక గది అడగడానికి. ఊరి బయట మా యార్డులో లోడు దొరికేదాకా డ్రైవర్లు పడిగాపులు పడాలి. నడుము వాల్చడానికి జాగా లేదు. ఎండాకాలం క్యాబిన్ కాలే పెనం. ఉన్న ఒక్క వేపచెట్టునూ ఓనరుగారి కారు షెడ్డు కోసం కొట్టేశారు. ఇక మిగిలింది లారీ కింది నీడ. అందుకే మా డ్రైవర్లకు ఒక అలవాటుంది. బండి స్టార్ట్ చేసే ముందు డోరు మీద అరచేత్తో రెండు దెబ్బలు కొడతాం. కింద ఎవరైనా పడుకుంటే లేచి బయటికొస్తారు.

నాతో ఒకే బండి మీద తిరిగిన సెకండ్ డ్రైవరు, నా దోస్తు, ఒక మధ్యాహ్నం అలాగే పడుకున్నాడు. బండిని కాస్త ముందుకు జరపడానికి వచ్చినవాడు డ్రైవరు కాదు, ఆఫీసు మనిషి. డోరు కొట్టాలని వాడికి తెలియదు. నా దోస్తు కాలు మోకాలి కిందికి పోయింది. కంపెనీ దయతలచి అతన్ని అదే యార్డు గేటు దగ్గర కాపలాకు కుర్చీ వేసి కూర్చోబెట్టింది. డ్రైవర్లకు గది కట్టిస్తానని ఓనరుగారు ఆనాడే మాటిచ్చారు. మాటలు కోటలు దాటతాయి, కాళ్లు గడప దాటవు.

సన్మానానికి బయలుదేరే ముందు దోస్తుకు ఫోన్ చేశాను.

"శాలువాదేముందిరా, మడతపెట్టి దాస్కో. మైకు ఇస్తరు గద, గప్పుడు గది అడుగు. మన చేతికి మళ్ల మైకు రాదు" అన్నాడు.

మైకు చేతికిస్తూ మేనేజరు నా చెవిలో గొణిగాడు. "జర సార్ గురించి నాలుగు మంచి మాటలు చెప్పన్నా. బిర్యానీ సల్లగైతుంది."

"సార్, యార్డుల డ్రైవర్లకు ఒక గది కావాలె. ఇంకొకని కాలు పోకముందే కట్టియ్యుండ్రి" అన్నాను.

మేనేజరు మైకు కోసం చెయ్యి చాచాడు. ఓనరుగారు మాత్రం తొణకలేదు. నన్ను వాటేసుకుని, "ఇంత చిన్న కోరికా అండీ? ఇక మా డ్రైవరు ఒక్కడూ లారీ కింద పడుకోడు. ఇది నా మాట" అన్నారు. చప్పట్లు మోగాయి. సిగ్గులేకుండా నమ్మాను. యూసుఫ్‌గూడలో మా ఇంటికి మెట్రోలో వస్తూ, శాలువా ఒళ్లో పెట్టుకుని, ఆ గదికి కిటికీ ఎటువైపు ఉంటే గాలి వస్తుందో కూడా ఆలోచించాను.

కొన్ని వారాలకు దోస్తు ఫోన్ చేశాడు. "సార్ మాట నిలబెట్టుకున్నడు. వచ్చి సూడు" అన్నాడు.

వెళ్లాను. గేటుకు కొత్త బోర్డు వేలాడుతోంది. 'లారీల కింద పడుకొనుట నిషేధము. అతిక్రమించిన వారికి లోడు ఇవ్వబడదు.' గది లేదు, గదికి తెచ్చిన ఇటుక ఒక్కటీ లేదు.

"అమ్మ పెట్టదు, అడుక్క తిననియ్యదు" అన్నాడు దోస్తు.

"మరి ఏడ పండుకుంటున్నరు?"

అతను చేతికర్రతో యార్డు మూలకు చూపించాడు. అక్కడొక లారీ కింద డ్రైవరు ఒకతను ఒళ్లు తెలియకుండా నిద్రపోతున్నాడు. వాడి కింద పరిచింది నా సన్మానపు ఫ్లెక్సీ. నా మొహం వాడి తలకింద ఉంది, అమెరికా ట్రక్కు కాళ్ల కింద.

"ఫంక్షన్ అయినంక స్టోర్ల పడేసిండ్రు. నేనే తీసిచ్చిన. మట్టి అంటకుంట ఉంటది" అన్నాడు దోస్తు.

ఆ సన్మానం మొత్తానికి పనికొచ్చింది అదొక్కటే. నాకు కోపం కూడా రాలేదు, అసహ్యం వేసింది. అంతలో ఆఫీసు మెట్లు దిగి ఒకతను, చెవిలో ఫోను పెట్టుకుని, తాళంచెవి వేలికి తిప్పుకుంటూ సరిగ్గా ఆ బండి దగ్గరికే నడిచాడు. నేను పరుగులాంటి నడకతో అతని కంటే ముందు చేరి, డోరు మీద అరచేత్తో రెండు దెబ్బలు గట్టిగా కొట్టాను. కిందివాడు ఉలిక్కిపడి లేచాడు, బయటికి పాక్కుంటూ వచ్చాడు, నన్ను చుట్టి చంకలో పెట్టుకుని పక్క లారీ కిందికి దూరాడు.