నా భార్యను అండి అన్న రోజు

సహోదరీ సహోదరులారా, అప్పట్లో నాకు తెలిసినవి రెండే, పొద్దున కొబ్బరికాయలు వలవడం, సాయంత్రం సారా కొట్టు దగ్గర కూలబడడం! పాలకొల్లు చుట్టుపక్కల నన్నెరగని కొట్టు లేదు. నా భార్య కరుణమ్మ ఎండలో నాట్లు వేసొచ్చి అన్నం వండి పెడితే, ఆ తల్లిని "ఒసేయ్" అనడమే తప్ప పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. చివరికి, "ఇక నా వల్ల కాదండి, మాత పండగ చూసుకుని మా అన్నయ్య దగ్గరికెళ్ళిపోతాను" అని చీరలు మూటగట్టి తలుపు పక్కన పెట్టేసింది. వెళ్ళిపోతానంటూ కూడా అండి అంది చూడండి!

ఆ ఫిబ్రవరి పదకొండున లూర్దుమాత పండుగకు నేనూ గుడికి వచ్చాను, భక్తితో కాదు, అబద్ధమెందుకు, పులిహోర కోసం! పందిరి రాటకు ఆనుకుని కూర్చుంటే ఫాదరుగారు ఈ పండుగ ఎలా పుట్టిందో చెబుతున్నారు. ఫ్రాన్సు దేశంలో లూర్దు అనే ఊళ్ళో చదువురాని పేదపిల్ల ఒకతె పుల్లలేరుకోవడానికి వెళితే రాతిగుహలో తెల్లబట్టల అమ్మ కనిపించిందట, ఊళ్ళోవాళ్ళు నమ్మలేదట, మూడోసారి కనిపించినప్పుడు ఆ అమ్మ, "దయచేసి పదిహేను రోజులు ఇక్కడికి వస్తారా అండి?" అని అడిగిందట! అంతవరకు ఆ పిల్లను "మీరు" అన్నవాళ్ళే లేరట. పుల్లలేరుకునే పిల్లను పరలోకరాణి "మీరు" అంది, మరి నేను? నాకు ఏడుపు ఆగలేదు.

"అమ్మా, పదిహేను రోజులు నేనూ వస్తాను, తాగకుండా వస్తాను, నా కోసం నీ కుమారుణ్ణి అడుగమ్మా" అని ప్రార్థించాను.

ఇంటికెళ్ళి, "అన్నం పెడతారా అండి?" అన్నాను. కరుణమ్మ గరిటెతోనే దగ్గరకొచ్చి నా నోరు వాసన చూసింది! "ఏంటండీ, వాసన కూడా రావట్లేదు, ఒంట్లో బాగోలేదా?" అంది. ఆ రోజు ప్రయాణం ఆపుకుంది గానీ మూట మాత్రం విప్పలేదు.

రోజూ పొద్దున్నే గుడి పక్కన కట్టిన మాత గుహ దగ్గరికి వెళ్ళేవాణ్ణి. సారా లేక ఒక్క కాయ కూడా సరిగ్గా వలవలేకపోయేవాణ్ణి, ఆరో రోజున కాళ్ళు కొట్టువైపు లాగేశాయి, అప్పుడు కరుణమ్మ జపమాల పట్టుకుని గుహ దాకా నాతో నడిచింది. పదిహేనో రోజు ఇంటికొచ్చి చూస్తే తలుపు పక్కన మూట లేదు, చీరలన్నీ దండెం మీదున్నాయి! "రేపు కూడా వెళ్తారు కదండీ" అంది.

ఆరేళ్ళయింది, మళ్ళీ ఆ చుక్క ముట్టలేదు. దేవునికే మహిమ, మన తల్లికి వందనం! మీరూ ఆ ప్రభువును నమ్మి ఈవేళ ఇంటికెళ్ళి మీ ఆవిణ్ణి ఒక్కసారి అండి అనండి. నోరు వాసన చూస్తుంది, చూడనివ్వండి.