ఎరుపెక్కని బంగారం

1957లో, పత్తి సీజన్ ఊపందుకున్న రోజుల్లో, నేను ఆదోనిలో ఒక ఆస్పత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. ల్యాబ్ అంటే ఒక గది, ఒక మైక్రోస్కోపు, కిరోసిన్‌తో నడిచే ఫ్రిజ్. కిటికీ తీస్తే జిన్నింగ్ మిల్లుల దూది నుసి లోపలికి వచ్చేది, మూస్తే ఉక్క. మద్రాసులో పని నేర్చుకుని వచ్చానన్న గీర నాకు కొంచెం ఉండేది.

ఎమ్మిగనూరు నుంచి నాగప్ప అనే నేతపనివాణ్ణి తీసుకొచ్చారు. వయసు నలభై దాటింది. రెండేళ్ళుగా చీర అంచు నేసేటప్పుడు పోగుల లెక్క తప్పుతున్నాడట. చేతులు వణుకు. ఈమధ్య ఆదోని మిల్లులన్నీ తనవేనని చెప్పుకుంటూ, కాదన్నవాళ్ళ మీదికి పోతున్నాడు. ఇంట్లోవాళ్ళు గాలి సోకిందన్నారు. ఎప్పటిదో సిఫిలిస్ మెదడుకు ఎక్కిందని మా డాక్టరు అనుమానం. రక్తపరీక్ష అవుననే చెప్పింది కానీ, అది మెదడు సంగతి చెప్పదు. అందుకు వెన్నులో సూది గుచ్చి నీరు తీయాలి. నలుగురం పట్టుకుంటే ఒక్క చిన్న సీసాడు వచ్చింది. మళ్ళీ తీయనివ్వడని అప్పుడే అర్థమైంది.

ఆ నీటికి చేసే పరీక్ష పేరు కొలాయిడల్ గోల్డ్. బంగారాన్ని కంటికి ఆనని నలుసులుగా నీళ్ళలో నిలబెడితే అది పచ్చగా ఉండదు, వెలుతురుకు పట్టి చూస్తే దానిమ్మ గింజలా ఎర్రగా ఉంటుంది. నలుసులు ఒకదానికొకటి అంటుకుంటే రంగు ఊదాకు, నీలానికి తిరిగి, చివరకు పోతుంది. రోగి వెన్నునీటిని పది గొట్టాల్లో అంతకంతకూ పలుచన చేసి ఈ ఎర్రనీరు పోస్తే, ఏ గొట్టంలో రంగు ఎంత విరిగిందో చూసి రోగం చెప్పవచ్చు.

ముందు ఆ ఎర్రనీరు తయారు కావాలి కదా. రెండుసార్లు డిస్టిల్ చేసిన నీటిని కాచి, గోల్డ్ క్లోరైడ్, పొటాషియం కార్బొనేట్ కలిపి, ఊపుతూ ఫార్మలిన్ చుక్కచుక్కగా వేయాలి. మొదటి రోజు నీలం వచ్చింది. రెండో రోజు బురద ఊదా. మూడో రోజు మళ్ళీ నీలం. దూది నుసిని తిట్టాను, ఆదోని ఉప్పునీళ్ళను తిట్టాను. అన్నిటికంటే ఎక్కువగా, గాజుసామాను కడిగే హుసేనప్పను తిట్టాను. ఆయన మా నాన్న వయసువాడు.

"ఆసిడ్‌తో కడగమంటే ఏం పెట్టి కడుగుతున్నావు?"

"ఆసిడ్‌తోనే కడిగినా సారూ. కానీ ఆ..."

"కానీ లేదు, గీనీ లేదు. మళ్ళీ కడుగు."

నాలుగో రోజూ అంతే. డాక్టరు దగ్గరికి పోయి, పరీక్ష లేకుండానే పెన్సిలిన్ మొదలుపెట్టకూడదా అన్నాను.

"రెండు వారాలు రోజూ సూది వెయ్యాలయ్యా. రోగమని గట్టిగా చెప్పకపోతే వాళ్ళు మూడో రోజే తీసుకుపోతారు," అన్నారాయన.

ఐదో రోజు నాగప్ప భార్య ఈరమ్మ ల్యాబ్ గుమ్మం దగ్గర నిలబడింది.

"సారూ, మా బావ గొలుసు కొనుక్కోని వచ్చినాడు. గాలి అయితే రేపు సాయంత్రం బస్సుకు ఎత్తుకపోయి ఇంట్లో కట్టేస్తారంట. రోగమైతే ఈడనే ఉంచుతారంట. ఏదో ఒకటి సెప్పప్పా."

"పరీక్ష తేలడం లేదమ్మా," అన్నాను విసుగ్గా.

"నీకే తేలకపోతే నేను వాళ్ళకేం సెప్పేది?" అని అక్కడే కూర్చుంది.

ఆ కోపమంతా హుసేనప్ప మీద చూపించబోయాను. ఈసారి ఆయన ఊరుకోలేదు. డిస్టిల్డ్ వాటర్ సీసా నా ముందు పెట్టి, బిరడా తీశాడు.

"వాసన సూడు సారూ. ఈ నల్ల రబ్బరు బిరడా వాసన నీళ్ళకి ఎక్కింది."

ఆ బిరడా మద్రాసు నుంచి నేనే తెప్పించి పెట్టింది. కొత్త రబ్బరు నుంచి ఏదో నీళ్ళలోకి దిగుతోంది.

"ముందే చెప్పొచ్చు కదా."

"సెప్పనిస్తివా?"

గాజు బిరడా ఉన్న సీసాలోకి మళ్ళీ నీళ్ళు పట్టాం. ఆ మధ్యాహ్నం ఫార్మలిన్ చుక్కలు పడుతుంటే ఫ్లాస్కులో మొదట లేత గులాబీ, ఆపైన ఎరుపు తేరింది. వెంటనే పది గొట్టాలూ పెట్టాను. మరునాడు పొద్దున మొదటి ఐదూ నీళ్ళలా తెల్లగా ఉన్నాయి, తర్వాతివి నీలం, ఊదా, చివరది ఎరుపు. డాక్టరు అనుమానమే నిజం. ఈరమ్మకు చెబితే, "రోగమే కదా?" అని రెండుసార్లు అడిగి, బావ దగ్గరికి పరుగున పోయింది.

సూదులు పూర్తయ్యాయి. కొన్ని నెలలకు ఇద్దరూ చూపించుకోవడానికి వచ్చారు. నాగప్ప నెమ్మదిగా మాట్లాడాడు. సాదా బట్ట నేస్తున్నాడు, అంచు లెక్క మాత్రం తిరిగి రాలేదు.

"ముందే తెచ్చింటే అది కూడా వచ్చేదా సారూ?" అంది ఈరమ్మ.

రెండేళ్ళు ఆలస్యమైందమ్మా అన్నారు డాక్టరు.

ఆ తర్వాత ముప్పై ఏళ్ళ సర్వీసులో ఏ పరీక్ష చెడినా, ముందు సామాను కడిగేవాళ్ళను పిలిచి కూర్చోబెట్టి, వాళ్ళు చెప్పింది పూర్తిగా విన్నాను. నా వల్ల పోయిన ఆ ఆరు రోజుల సంగతి డాక్టరుతో ఒకసారి అన్నాను. రెండేళ్ళ ఆలస్యంతో పోలిస్తే ఆరు రోజులెంత అన్నారాయన. నిజమే కావచ్చు. ఆ రెండేళ్ళూ ఎవరివో నాకు తెలియదు. ఆ ఆరు రోజులు మాత్రం నావి.