ఒకే పేరోళ్ళు ఒకపక్క నిలబడగూడదు

మా ఇంట్లో ఒకే పేరు ఇద్దరికి పెట్టినారు. అది మా తాత పేరు. ముందు మా పెద్దనాయన తన కొడుక్కు పెట్టుకున్న్యాడు. కొన్నాళ్ళకు నేను పుడితే మా నాయన కూడా అదే పేరు తెచ్చి నాకు తగిలించినాడు. "మా నాయనకు వాడొక్కడే పుట్టినాడా? నేనూ పుట్టినా గదా" అన్న్యాడంట. అట్ల అన్నదమ్ముల పంతంలో వచ్చిన పేరది.

బడిలో హాజరేసేటప్పుడు తప్ప దాంతో నాకు పనే లేదు. మా అమ్మకు అది మామ పేరు, నోటితో పలకగూడదు. మా పెద్దమ్మకూ అంతే. మా అవ్వకైతే మొగుని పేరు, ఆ ఊసే ఎత్తగూడదు. ఇంట్లో ఉండే ఆడోళ్ళు ఎవురూ పిలవలేని పేరు చూసి చూసి ఇద్దరికి పెట్టిన ఘనులు మావోళ్ళు. నేనూ ఈడ చెప్పను, ఇంట్లో వినింది లేదు కాబట్టి నా నోటికీ రాదు.

అందుకని వాడు పెద్దోడు, నేను సన్నోడు. అంతటితో అయిపోయింటే నాకు ఏ బాధా లేదు. మా అవ్వ పెద్దోన్ని ఇంకో మాటతో పిలుస్తాండె. మొగుడా అని. తాత పేరు పెట్టుకున్న మనవన్ని అవ్వలు అట్ల పిలిచేది మా పక్క మామూలే. "నా మొగుడు లేచినాడా? నా మొగుడు తిన్న్యాడా?" అని పొద్దున్నే మొదలుపెడతాండె. మా పెద్దమ్మ కూడా "మీ మొగుడు నీళ్ళు పోసుకోనంటాండాడు అత్తా" అని నగుతాండె. వాడు రాజు మాదిరి నడిమింట్లో నిలబడుకోని ఉంటాండె.

ఒకసారి నేను అడిగేసినా. "అవ్వా, నాదీ అదే పేరు గదా. నేనెందుకు గాదు?"

"ఇద్దరు మొగుళ్ళుంటే ఊర్లోవాళ్ళు ఏమనుకుంటార్రా?" అనె అవ్వ. ఇంట్లో ఉన్నోళ్ళంతా పడీ పడీ నగిరి. ఇప్పటికీ ఆ మాట తల్చుకోని నగుతారు. నాకు మాత్రం ఆ రోజు నుంచి కడుపులో ఒక పొయ్యి అంటుకునింది, దాంట్లో కట్టెలు పెట్టేదానికి ఎప్పుడూ ఎవురో ఒకరు ఉంటాండ్రి.

మా ఊరు బళ్ళారికీ తోరణగల్లుకూ నడుమ. తాత పోయినాక అన్నదమ్ములు పంచుకునేటప్పుడు మా నాయన బోరుండే నల్లరేగడి అడిగి తీసుకున్న్యాడు. తారానగర్ పక్కుండే రాళ్ళచేను పెద్దనాయనకు వచ్చె. "రాళ్ళకు ఎరువేసుకో అన్నా, బాగా పండుతాయి" అని మా నాయన ఎగతాళి చేసినాడు. అదేం నోరో, ఆ మాట నిజమాయె. మైన్స్ జోరు మొదలైనాక ఆ చేన్లో కాలికి తగిలే ప్రతి రాయీ ఖనిజమే అని తేలె. పెద్దనాయన తవ్వించె, అమ్మె, లారీలు కొనె. ఆ లారీలు మా మిరపచేను పక్కనుంచే పోతాండె. ఎర్రదుమ్ము లేచి మా చెట్ల మీద కూర్చుంటాండె. కాయ పండింటే ఎరుపో, దుమ్ము పడితే ఎరుపో తుడిచి సూసుకోవాల. మా నాయన గట్టు మీద నిలబడి లారీలు సూస్తాండె.

పెద్దనాయనోళ్ళు బళ్ళారిలో బంగళా కట్టుకోని పోయిరి. అవ్వను కూడా పిల్చుకపోయిరి. "మొగుడు యాడుంటే పెండ్లాం ఆడ్నే గదప్పా ఉండాల్సింది" అని నగుకుంటా జీపెక్కె అవ్వ. నేను వాకిట్లో నిలబడి సూస్తాంటి. నా పక్కకు చెయ్యి ఊపె. ఆ చెయ్యి ఊపింది నాకా, మా ఎనుములకా అని కూడా తెలియలేదు నాకు.

ఇంక బొమ్మల సంగతి. పెద్దనాయన బెంగళూరు పోయినప్పుడల్లా పెద్దోనికి పెట్టెలు తెస్తాండె. పెట్టె చింపేదాక లోపల ఎవురుండారో తెలీదు. బొటనవేలంత బొమ్మలు, రంగు పూసినవి, ఆకాశంలో ఎగిరేవాడు, గోడలు పగలగొట్టేవాడు, అట్లాంటి వీరులు. ప్రతి బొమ్మ కాళ్ళ కింద ఒక గుండ్రటి బిళ్ళ ఉంటాది. దానికి చిన్న కిటికీ, కిటికీలో అంకెలు. దెబ్బ తగిలినప్పుడల్లా బిళ్ళను ఒక టిక్కు తిప్పాల. అంకెలు తగ్గుతా పోయి ఆఖరికి సున్నా వస్తే వాడు సచ్చినట్టు. అట్ల రెండు గుంపులు ఎదురెదురుగా పెట్టుకోని ఆడుకునే ఆట అది.

వాళ్ళలో ఎర్రదుప్పటి కప్పుకునే వీరుడు ఒకడుండె. ఏ పెట్టె చింపినా వాడే వస్తాండె. కంపెనీవోళ్ళకు తెలుసు గదా, పిల్లోళ్ళకు వాడంటే పిచ్చి అని. అందుకే వాన్నే మళ్ళా మళ్ళా చేసి ఇడుస్తారు. ఒకదాంట్లో అప్పుడే ఎగరడం నేర్చుకున్న కుర్రోడు, ఒకదాంట్లో కండలు తిరిగినోడు, ఇంకోదాంట్లో చెవుల దగ్గర తెల్లెంటికలొచ్చిన పెద్దమనిషి, ఇంకోదాంట్లో దుప్పటి చినిగిపోయి రక్తమోడ్తా ఉండేవాడు. మనిషి ఒకడే, పేరు ఒకటే, బలమే వేరు. బిళ్ళ చుట్టూ ఉండే రంగును బట్టి తెలుస్తాది. పసుపైతే బలం తక్కువ, నీలమైతే నడిమిది, ఎరుపైతే వాన్ని కొట్టేవాడు లేడు.

మేం వాళ్ళకు మా ఇంటి పేర్లే పెట్టుకుంటిమి. ఎరుపోడు పెద్దోడు, నీలమోడు నడిపోడు, పసుపోడు సన్నోడు. ఆ పేర్లు పెట్టింది ఎవురో చెప్పాల్నా? వాడే. పెట్టి నా మొగం సూసి నగె.

సెలవులకు నేను బళ్ళారి పోతాంటి. ఆడుకునేటప్పుడు వాని పక్క ఎరుపు బిళ్ళోడు నిలబడితే, నా పక్క దొంగలూ, తోకలుండే రాక్షసులూ, ముసుగేసుకున్న చిల్లరగాళ్ళూ. ఇంకొక ఎర్రదుప్పటోన్ని నాకియ్యి అంటే "బేడ అంటే బేడ" అని కన్నడంలో ఇయ్యనుపో అంటాండె. సరే, నువ్వే ఇద్దర్నీ పెట్టుకో, నన్ను గెలుస్తావో లేదో సూద్దాం అంటే దానికీ ఒప్పుకోడు. "ఒకే పేరోళ్ళు ఇద్దరు ఒకపక్క నిలబడగూడదు. అది రూలు" అనె.

"మరి మిగిలినోళ్ళను ఏం చేస్తావు?"

"పెట్టెలో ఉంటారు."

పెట్టెలో పండుకునేవాన్ని కూడా నాకియ్యడు, సూడండి. నాకు ఒక్కడు కూడా లేడే అని గాదు నా ఏడుపు. వానికి అంతమంది ఉండారే అని. వాని చెయ్యి జారి ఒకటన్నా మోరీలో పడితే బాగుండు అని మొక్కుకున్నా కూడా. దేవుడికి కూడా వాళ్ళ బంగళా దారే తెలిసినట్టుండాది, నా మొక్కు వినలేదు.

మా నాయనకు ఈ సంగతి ఎట్లనో తెలిసె. మిరపకాయలు మండికి ఏసిన రోజు బళ్ళారి బజార్లో ఒక బొమ్మ కొనుక్కొచ్చె. ఎర్రదుప్పటే, కానీ మూరెడు పొడుగు. ఎద మీద బల్బు, ఒత్తితే కుయ్యిమంటాది. "వాళ్ళది బొటనవేలంతే అంట గదా. మనది సూడు" అనె మా నాయన. ఆయన మొగంలో అంత సంతోషం నేను ఆ నడుమ సూసింది లేదు. బాగుంది నాయనా అంటి. దాన్ని బళ్ళారికి తీసుకపోతే పెద్దోడు అటూ ఇటూ తిప్పి "దీని బిళ్ళ యాడుండాది?" అనె. బిళ్ళ లేకుంటే ఆటలోకి రాదు. నా బొమ్మ గోడకానుకోని నిలబడి మా ఆట సూస్తా ఉండె. పెద్దోని చెల్లెలు దాన్ని ఒత్తి ఒత్తి రెండు దినాల్లో సెల్లు అయిపోగొట్టె.

దసరా సెలవుల్లో ఒక మధ్యాన్నం. మేం నడిమింట్లో చలువరాయి మీద బొమ్మలు పరుచుకోనుంటిమి. అవ్వ పక్కనే కూర్చోని పల్లీలు ఒలుస్తాండె. ఉన్నట్టుండి వంగి సూసె.

"ఏందిరా ఇవి, అన్నీ ఒక మొగమే ఉండాయి?"

"ఒకటి గాదవ్వా, వేరే వేరే" అనె పెద్దోడు.

"దీని పేరేంది?" అని ఒకటి పట్టుకునె. వాడు ఆ ఎర్రదుప్పటోని పేరు చెప్పె. "దీనిది?" అదే పేరు. "మరి దీనిది?" అదే.

అవ్వ పల్లీల చాట పక్కకు నూకె. మా ఇంట్లో ఒక పద్ధతుండె. పెద్దల పండగకు తాత పేరున ఏది పెట్టినా, టవలైనా బనీనైనా, ఆ పేరుండే ఇద్దరికీ పెట్టాల. ఒకనికి పెట్టి ఒకన్ని ఇడిస్తే తాతకు కోపమొస్తాదని అవ్వ నమ్మకం. బొమ్మలకూ ఆ లెక్కే అనుకునె ఆ మహాతల్లి. "ఒకే పేరుండేవి ఒక్కని దగ్గరే ఉండగూడదు నాయనా. వానికొకటియ్యి" అనె.

వాడు అవ్వ మాట ఎప్పుడూ కాదనడు, మొగుడు గదా. పెట్టెలో చెయ్యి పెట్టి చాన్సేపు దేవులాడె. తీసి నా చేతిలో పెట్టె. పసుపు బిళ్ళ.

"సరిపాయె. ఇద్దరికీ ఒకటే" అని అవ్వ మళ్ళా చాట దగ్గరికి లాక్కునె.

"ఒకటి గాదవ్వా, ఇది సన్నోడు" అంటి నేను.

"నువ్వూ సన్నోడివే గదరా. సరిపాయె గదా మరి" అనె అవ్వ.

వాడు నగలేదు. నగింటే బాగుండు, కొట్టింటి. కళ్ళు కిందికేసుకోని తన ఎరుపోన్ని తెచ్చి నా పసుపోనికి ఎదురుగా నిలబెట్టె. ఒకే పేరోళ్ళు ఒకపక్క నిలబడగూడదు గాని ఎదురెదురు నిలబడచ్చంట. సరేలే అని ఆడితిమి. నావోడు టిక్కు, టిక్కు, టిక్కు, అంతే, సున్నా. నేను నావోన్ని సూడను కూడా లేదు. నా కండ్లన్నీ వాని ఎరుపోని మీదే, వాని చెవుల దగ్గరుండే తెల్లెంటికల మీదే ఉండె. అది నాకు వచ్చింటే ఎట్లుంటాదో, దాన్ని పట్టుకోని మా ఊరి బస్సెక్కితే ఎట్లుంటాదో, అదే ఆలోచన.

అన్నానికి పిలిచిరి. పండగ కాబట్టి ఓళిగలు చేసిండ్రి, పప్పు పూర్ణంవి. పెద్దనాయన, పెద్దమ్మ, మేం, అందరం వరసగా కూర్చుంటిమి. అవ్వే వడ్డిస్తాండె. వానికొకటి, నాకొకటి. వానికి నెయ్యి, నాకు నెయ్యి. నేను వాని పళ్ళెం సూస్తి, నా పళ్ళెం సూస్తి, మళ్ళా వాని పళ్ళెం సూస్తి.

"అవ్వా, వానికి నెయ్యి ఎక్కువ పడింది."

అవ్వ నేతిగిన్నె కింద పెట్టె. నా మొగంలోకి అట్లనే సూస్తా ఉండె, ఏదో పోగొట్టుకునింది దొరికినట్టు. కొంగు నోటికడ్డం పెట్టుకోని నగె.

"వచ్చినాడ్రా నా మొగుడు" అనె.

పెద్దోడు తలెత్తె. "ఏందవ్వా?"

"నిన్ను గాదురా, వీన్ని. ఆయనా ఇంతే. ఎంత పెట్టినా తన పళ్ళెం సూసుకునేవాడు గాదు, కండ్లు ఎప్పుడూ తమ్ముని పళ్ళెం మీదే." అవ్వ పెద్దనాయన దిక్కు తిరిగె. "ఆ రాళ్ళచేను మీ నాయన ఎందుకు కొన్న్యాడనుకున్నావు? మీ చిన్నాయన బేరమాడతాండాడని తెలిసి, వానికి దక్కగూడదని ముందురోజే పరిగెత్తిపోయి కొన్న్యాడు. కొన్న తర్వాత రాళ్ళు సూసి తలకాయ పట్టుకోని కూర్చున్న్యాడు. ఆ కుళ్ళు యాడికి పోయిందా అనుకుంటాంటి ఇన్నేండ్లు. ఈడుండాది, సన్నోని కండ్లల్లో."

పెద్దనాయన అంతదాక నగుతాండె. రాళ్ళచేను పేరెత్తేసరికి నగు ఆగిపాయె. బంగళా, లారీలు, మేం కూర్చున్న చలువరాయి, అంతా ఆ కుళ్ళులోంచే వచ్చిండాది మరి. పెద్దమ్మకు అదేం పట్టలేదు. "అయితే ఇంక మీ మొగున్ని ఊరికి పంపించేది వద్దు అత్తా, ఈడ్నే పెట్టుకోండి" అని పగలబడి నగె.

నా చెవులు కాలిపోతాండె. ఎన్నేండ్లు ఏడ్చినా ఆ మాట కోసరం! వచ్చె, కుళ్ళుబోతు అనే మాటను వెంట పెట్టుకోని. వద్దందామంటే మనసొప్పలేదు. కావాలంటే ఇంత మందిలో తలెత్తేదెట్ల?

పెద్దోడు మాత్రం నగలేదు. ఓళిగ తుంచింది చేతిలో అట్లనే ఉండె.

"మరి నేనెవురు అవ్వా?" అనె, మెల్లగా.

"నువ్వు నా మనవడివి నాయనా. తిను" అనె అవ్వ.

వాని కింది పెదవి అదురుతాండె. పుట్టినప్పట్నుంచి వానిదైన మాట, నోట్లో ముద్ద నోట్లో ఉండంగనే నా పాలాయె. వాడు నా దిక్కు సూసె. ఆ సూపు నాకు బాగా తెలుసు, అన్నేండ్లు నేను సూసిన సూపే అది. చెప్పేదానికేం సిగ్గు, నా కడుపు సల్లబడె. నోట్లో ఓళిగ పెట్టుకుంటే అమృతం మాదిరి ఉండె.

వాని కండ్లల్లో నీళ్ళు సూసి అవ్వ మనసు కరిగిపాయె. ఇంకో ఓళిగ తీసి, నెయ్యి పోసి, వాని పళ్ళెంలో పెట్టె. నేను నమిలేది ఆపేస్తి. వానికి రెండు, నాకు ఒకటే.