కొడుకు వస్తాడని రాశాను

నా చిన్నప్పుడు చదవని పుస్తకాల మీద అభిప్రాయాలు రాయడంలో నన్ను మించినవాళ్ళు కె.ఆర్.పురంలో ఎవరూ లేరు. గొప్ప కోసం చెప్పడం లేదు. అంగడివాళ్ళ ఇంట్లో పుట్టిన పిల్లకు కదలని సరుకును కదిలించడం ఒకరు నేర్పే పని కాదు.

మా తాతయ్య అంగడి రైల్వే స్టేషనుకు పోయే దారిలో ఉండేది. సబ్బులు, ఊదుబత్తీలు, పెన్నులు, ఒక పక్క గోడంతా అద్దెకిచ్చే తెలుగు నవలలు. ప్రతి నవల చివరా ఒక ఖాళీ కాగితం ఉంటుంది కదా, చదివినవాళ్ళు దాని మీద తమకు తోచింది రాసి తిరిగిచ్చేవారు. "ఏడ్చి ఏడ్చి తలనొప్పి వచ్చింది." "మొగుడు మంచోడు, అత్తే రాక్షసి." "టైము దండగ, తీసుకోకండి." పుస్తకాలు పాడవుతున్నాయని తాతయ్య మొదట్లో గొణుక్కునేవాడు. తర్వాత ఒక సంగతి కనిపెట్టాడు. వచ్చినవాళ్ళు అట్ట చూడరు, మొదటి పేజీ చూడరు, నేరుగా ఆ వెనక కాగితమే తిప్పుతారు. ఇప్పుడు ఫోన్లో నక్షత్రాలు లెక్కపెట్టుకున్నట్టే.

నాకప్పుడు పదకొండేళ్ళు. ఎవరూ ముట్టని పుస్తకాలు కొన్ని పై అరలో దుమ్ము పట్టి ఉండేవి. వాటిని కిందికి దించి, మూడు రంగుల పెన్నులతో, కుడిచేత్తో ఒకటి, ఎడమచేత్తో ఒకటి అభిప్రాయాలు రాయడం మొదలుపెట్టాను. కొత్త పెళ్ళికూతురు రాసినట్టు ఒక మాట, రిటైరైన ముసలాయన రాసినట్టు ఒక మాట. పుస్తకాలు కదిలాయి. తాతయ్య ఒకసారి పట్టుకున్నాడు. "ఏం మే, ఈ ముసలాయన దస్తూరీ కూడా నీదేనా?" అని అడిగి, తిడతాడనుకుంటే నవ్వి, ఆ పుస్తకాన్ని ముందు వరసలో పెట్టాడు. పక్క అంగడాయనతో, "నేను పోయినా అంగడి మునగదప్పా, ఇది ఉండాది కదా" అన్నాడు. ఆ రోజు నాకు అన్నం కూడా సహించలేదు, అంత పొంగిపోయాను.

పక్కింటి అక్క గుంటూరు వైపు నుంచి వచ్చింది. ఆస్పత్రిలో నర్సు. పొద్దున డ్యూటీ ముగించుకుని మధ్యాహ్నం ఇల్లు చేరి వాళ్ళమ్మకు నవలలు చదివి వినిపించేది. ఆ పెద్దావిడకు చక్కెర జబ్బుతో చూపు పోయింది. ఉన్న ఒక్క కొడుకు ఎప్పుడో తగవు పడి ఇల్లు విడిచి పోయాడు. ఎక్కడున్నాడో తెలియదని, ఎప్పుడో ఒకప్పుడు వస్తాడని అక్క చెప్పేది. ఆ తల్లి సరిగ్గా తినేది కాదు. మంచి కథ నడుస్తుంటే మాత్రం ధ్యాసలో పడి నాలుగు ముద్దలు మింగేది. అందుకని అక్క పుస్తకం ఎంచుకోవడంలో ఒకటే చూసుకునేది: చివర్లో ఎవరూ పోకూడదు.

నేను అలా అభిప్రాయం రాసి దించిన వాటిలో ఒక నీలం అట్ట నవల ఉంది. మొదటి పేజీలో ఒక కొడుకు తల్లితో పోట్లాడి ఇల్లు దాటతాడు. అంతవరకే చదివాను. మొదటి పేజీలో పోయినవాడు చివరి పేజీలో రాక ఎక్కడికి పోతాడని నా లెక్క. ఎడమచేత్తో రాసేశాను: "వెళ్ళిపోయిన కొడుకు ఇంటికొస్తాడు. కడుపు నిండిపోయింది."

అక్క ఆ వెనక కాగితం దగ్గర చాలాసేపు నిలబడిపోయింది. తర్వాత నన్నడిగింది.

"నువ్వు చదివావా ఇది?"

"రెండు సార్లు చదివినా అక్కా."

"నిజంగా వస్తాడా?"

"వస్తాడు. నడుచుకుంటా వస్తాడు."

నడిచి రావడం ఆమె అడగలేదు. సరుకు తూగగానే పైన కాస్త కొసరు వేయడం నాకు అలవాటు, అంతే.

ఆ నవల రెండు వారాలకు పైగా నడిచింది. నా సరుకులో ఏముందో చూద్దామని నేనూ రోజూ పోయి అక్క పక్కన కూర్చునేదాన్ని. పెద్దావిడ మంచం మీద లేచి కూర్చోవడం మొదలుపెట్టింది. అక్క గడపలో చెప్పులు విప్పకముందే, "ఇవాళ ఏ ఊళ్ళో ఉన్నాడే వాడు?" అని అడిగేది. వింటూ వింటూ పళ్ళెం ఖాళీ చేసేది. ఇదంతా నా చలవే అని నేను లోపల్లోపల మురిసిపోయేదాన్ని.

చివరి రోజు వచ్చింది. అక్క చదువుతోంది. కథలో తల్లి గుమ్మంలో నిలబడి ఉంది, దూరంగా ఎవరో మనిషి వస్తున్నాడు. అక్క పేజీ తిప్పింది. తిప్పి ఆగిపోయింది. ఎందుకాగిందా అని నేను పుస్తకంలోకి తొంగి చూశాను. వచ్చింది కొడుకు కాదు. కొడుకు పోయాడన్న కబురు పట్టుకొచ్చిన మనిషి.

"ఏమైందే, ఆపావు?" అంది పెద్దావిడ.

"ఏం లేదమ్మా, అక్షరాలు మసగ్గా ఉన్నాయి" అని, అక్క మళ్ళీ చదవడం మొదలుపెట్టింది. కొడుకు వచ్చాడు. నడుచుకుంటూ వచ్చాడు. కాళ్ళు కడుక్కున్నాడు. తల్లి పీట వేసింది. ఆ మాటల్లో ఒక్కటి కూడా ఆ పేజీలో లేదు. అక్క కళ్ళు మాత్రం వరస తప్పకుండా అచ్చు వెంట నడుస్తున్నాయి. పేజీ తిప్పాల్సిన చోట తిప్పుతోంది కూడా.

"ఏం వండిందే ఆవిడ?" అంది పెద్దావిడ.

"పప్పూ, గోంగూర పచ్చడీ."

"ఉల్లిపాయ పెట్టిందా? నంజుకోకపోతే ముద్ద దిగదు వాడికి."

"పెట్టిందమ్మా. ఇదిగో, ఇక్కడ రాశారు."

ఆ తర్వాత ఆ ఇంట్లోకి ఇంకో నవల పోలేదు. పెద్దావిడ రోజూ ఆ చివరి భాగమే అడిగేది. అక్క ఆ లేని మాటలనే రోజూ, అదే వరసలో, ఉల్లిపాయ మరిచిపోకుండా చదివేది. మూడు నెలలు కాకుండానే పెద్దావిడ పోయింది. సమాధి దగ్గర పాస్టరుగారు ప్రార్థన చేస్తూ, తల్లి ఇప్పుడు తన కొడుకును చేరుకుందని అన్నారు. మా అమ్మ ఉలిక్కిపడి పక్కావిడను అడిగింది. ఆ అబ్బాయి పోయి రెండేళ్ళయిందట. కబురు ఆస్పత్రికి ఉత్తరంలో వచ్చిందట. అక్క చర్చిలో మాత్రం చెప్పుకుని, తల్లి చెవిన పడకుండా దాచిందట.

అంటే ఆ మధ్యాహ్నం నేను ఆమె చేత ఆ కబురు రెండోసారి చదివించాను. వస్తాడని చెప్పి మరీ చదివించాను.

పుస్తకం తిరిగివ్వడానికి అక్క అంగడికి వచ్చింది. తాతయ్యకు చెబుతుందని వణికిపోయాను. ఆమె పుస్తకం నా ముందు పెట్టి, "చదవలేదు కదా?" అంది. తల అడ్డంగా ఊపాను. "ఇప్పుడు చదువు. చదివాక రాయి." అంతే, ఇంకేమీ అనలేదు. మూడు రోజులు చదివాను. చదివి, నా పాత అబద్ధం కొట్టేసి, కింద కుడిచేత్తో, నా సొంత దస్తూరీతో రాశాను: "కొడుకు రాడు." అక్క చూసి "సరే" అంది. ఆ నెలాఖరుకే వేరే ఊరి ఆస్పత్రికి వెళ్ళిపోయింది. ఆమెను మళ్ళీ చూడలేదు.

అప్పటినుంచి పుస్తకం గురించి నా నోట అబద్ధం రాలేదు. అదే ఆ రోజు నేర్చుకున్న పాఠమనుకున్నాను. ఇప్పుడు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మా అపార్ట్‌మెంటు ఆడవాళ్ళు నెలకోసారి కూర్చుని, ఎవరు ఏం చదివారో, ఏమనిపించిందో చెప్పుకుంటారు. ఈ నెల నేను మూడు ముగించాను. మొదటిది నీళ్ళు పడని బోరు చుట్టూ తిరిగే కుటుంబం కథ. చివర్లో రచయిత జాలిపడి వాన కురిపించాడు. ఆ వాన నాకు ఒంటికి పట్టలేదు. రెండోది ఇద్దరు అక్కచెల్లెళ్ళ ఉత్తరాలు. చివరి ఉత్తరానికి జవాబు రాదు. మూసేసి కూర్చుంటే పొయ్యి మీద పాలు మాడిపోయాయి. మూడోదాన్ని ఊరంతా మెచ్చుకుంది. నేను మిగిలిన పేజీలు లెక్కపెట్టుకున్నాను. "చదవొచ్చా ఆంటీ?" అని ఒకమ్మాయి అడిగితే, "చదవొచ్చమ్మా, ఏమీ దొరకదు" అన్నాను. కూరగాయలవాడితో అరగంట బేరమాడే మనిషికి ఇంత పొడి మాటలేమిటని వాళ్ళు నవ్వుకుంటారు.

పోయిన వానాకాలం మా ఆయన మంచాన పడ్డాడు. పుస్తకం పట్టుకునే ఓపిక లేక నన్ను చదవమనేవాడు. ఒక నవలలో ఆయనలాగే ఒక జబ్బుమనిషి. చివరి అధ్యాయం మొదలుపెట్టేసరికి, "వీడు లేస్తాడా?" అని అడిగాడు. నా కళ్ళు అప్పటికే తర్వాతి పేజీ చూసేశాయి. ఆగాను. వాణ్ణి లేపాలని చూశాను. మంచం దిగాడు అందామనుకున్నాను, కిటికీ తీశాడు అందామనుకున్నాను. పదకొండేళ్ళప్పుడు పేజీకో అబద్ధం అలవోకగా అల్లిన నాకు ఒక్క వాక్యం కుదర్లేదు. ఉన్నది ఉన్నట్టు చదివేశాను. ఆయన కాసేపు విని, "సాకు, ఇంక చాల్లే" అని సగం కన్నడంలో అని గోడవైపు తిరిగాడు. మళ్ళీ నన్ను పుస్తకం అడగలేదు. ఇరవై రోజులకు పోయాడు.

అక్క నా చేతికి రెండు పాఠాలు ఇచ్చిందని, చదివిందే రాయడం ఒకటి, లేనిది చదివి వినిపించడం ఒకటి అని, నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అందులో తేలికైనది ఏరుకుని, మంచి బేరం దొరికిందని యాభై ఏళ్ళు మురిశాను. ఇప్పుడు ఏ పుస్తకం ముగించినా, ఆ మధ్యాహ్నం ఆమె ఆగిన ఆ కాసేపే గుర్తొస్తుంది. అంతసేపట్లో ఆమె ఏం మింగిందో, మళ్ళీ నోరు తెరిచినప్పుడు గొంతు ఎందుకు వణకలేదో నేను అడగలేదు. పక్కనే, ఆమె మోచేతికి ఆనుకునే కూర్చుని ఉన్నాను.